మెత్తయ్య సాక్ష్యం

మెత్తయ్యకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, దాంతో ఎవరికీ ఎప్పుడూ పనిపడలేదు. సోఫాలకీ కుర్చీలకీ కారు సీట్లకీ మెత్తలు కుట్టడం ఆయన వృత్తి. మాట తీరు కూడా మెత్తనే. రెండూ కలిసొచ్చాయి కదాని జనం ఆ పేరు ఖాయం చేసేశారు. చివరికి ఇంటావిడ కూడా పక్కింటివాళ్ళతో మాట్లాడుతూ మాట్లాడుతూ "మా మెత్తయ్యగారు" అనేసి నాలుక కరుచుకునేది.

చర్చిలో ఆయన సంఘపెద్ద. సంఘపెద్ద అంటే గొప్ప హోదా అనుకునేరు. ఫ్యాను పాడైతే బాగుచేయించడం, ఇద్దరు పోట్లాడుకుంటే మధ్యలో కూర్చుని ఇద్దరిచేతా మాటలు పడటం, అంతే. ఆ పనులు మిగతా పెద్దలూ చేసేవారు. మెత్తయ్యకి విడిగా పేరు తెచ్చిపెట్టింది ప్రార్థన. తక్కినవాళ్ళని ప్రార్థన చెయ్యమంటే గొంతు సవరించుకుని, దేవుడికి వార్తలు చదివి వినిపిస్తున్నట్టు వారంలో జరిగినవన్నీ ఏకరువు పెట్టేవారు. మెత్తయ్య అలా కాదు. కళ్ళు మూసుకుని, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు నెమ్మదిగా అందుకునేవాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేవాడు. ఆయన "ఆమెన్" అనేసరికి ఆడవాళ్ళు కొంగులు వెతుక్కునేవారు. ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు, పరీక్షలు రాసేవాళ్ళు, సంబంధం కుదరనివాళ్ళు, అందరూ ఆయన కొట్టుకొచ్చి, సగం కుట్టిన సోఫా మీదే కూర్చుని తలవంచుకునేవారు.

ఇంత పేరున్న ఆ ప్రార్థనలో లోటల్లా ఒక్కటే. అవతల వినేవాడొకడు ఉన్నాడని చేసేవాడికి నమ్మకం లేదు.

ఒకప్పుడు ఉండేది. కుర్రతనంలో సోఫా కింద వెల్లకిలా పడుకుని, పెదాల మధ్య చిన్నమేకులు పట్టుకుని, ఒక్కోటి తీసి గోనెపట్టీ మీద కొడుతూ దేవుడితో మాట్లాడేవాడు. నోటినిండా మేకులుండేవి గనక మాటలన్నీ మనసులోనే. జవాబేమీ వినిపించేది కాదు. కానీ పక్కగదిలో మనిషి ఉంటే, తలుపు వేసి ఉన్నా మనకి తెలుస్తుంది చూడండి, అలా తెలిసేది. ఆ తెలియడంతోనే పొద్దంతా గడిచిపోయేది. పెళ్ళయ్యాక కూడా చాలాకాలం అలాగే ఉంది.

ఎప్పుడు పోయిందంటే ఆయనకే తెలీదు. ఇలాంటిది చెబితే వినేవాళ్ళు వెంటనే ఓ చావు కోసమో, జబ్బు కోసమో, ఎవడో చేసిన మోసం కోసమో వెతుకుతారు. అలాంటిదేమీ జరగలేదు. పిల్లలు బాగానే స్థిరపడ్డారు, ఇంటావిడ ఆరోగ్యంగానే ఉంది, పని దొరుకుతూనే ఉంది. ఒకరోజు ఓ పాత కుర్చీ విప్పుతూ అలవాటుగా ఏదో చెప్పబోయి, పక్కగదిలో ఎవరూ లేరని గమనించాడు. అప్పుడే ఖాళీ అయిందా, ఎన్నాళ్ళ నుంచో ఖాళీగా ఉంటే తను చూసుకోలేదా, అదీ తేల్చుకోలేకపోయాడు.

ప్రయత్నం చెయ్యలేదని ఎవరూ అనడానికి లేదు. ఉపవాసాలున్నాడు. బైబిలు మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదివాడు. కొట్టు తలుపులు వేసుకుని మోకాళ్ళ మీద పడి, ఏడుపు రాకపోయినా ఏడ్చి చూశాడు. గోడతో చెప్పుకున్నట్టే అయింది. మరి ఎవరితోనైనా చెప్పుకోవచ్చు కదా అంటే, ఎవరితో చెప్పుకుంటాడు? ఇలాంటి కష్టం వస్తే సంఘంలో అందరూ వెళ్ళేది మెత్తయ్య దగ్గరికే. చుట్టూ చూస్తే ఎవరి మొహం చూసినా నిండుగానే కనిపించేది. ఇంతమందిలో నేనొక్కణ్ణే ఇలా తయారయ్యానని నిర్ణయించుకుని, ఆ మాట లోపలే అదిమిపెట్టి, ఏళ్ళతరబడి పెద్దరికం చేసుకుంటూ వచ్చాడు.

అలాంటి సమయంలో కొత్త పాస్టరు వచ్చాడు. చిన్నవాడు, సన్నగా ఉంటాడు, అబద్ధం ఆడటం చేతకాదు. ఆయన వచ్చేసరికే చర్చి పలచబడిపోయింది. కుర్రకారు ఫోన్లలో ఆరాధనలు చూసుకుంటున్నారు, పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మిగిలినవాళ్ళు వెనక బెంచీల్లో, ఎవరికి వారు దూరదూరంగా, బస్సు కోసం చూస్తున్నవాళ్ళలా కూర్చునేవారు. చల్లారిన సంఘంలో భక్తి మళ్ళీ రగలాలని, ఉజ్జీవం రావాలని పాస్టరు పొద్దున్నే లేచి ఏడ్చేవాడు. నిజంగానే ఏడ్చేవాడు, ఆ విషయంలో ఆయన్ని ఏమీ అనడానికి లేదు. ఉజ్జీవాలు ఎక్కడెక్కడ ఎలా మొదలయ్యాయో చదివి చదివి ఒక సంగతి పట్టుకున్నాడు. ప్రతిచోటా ఎవరో ఒకరు సంఘం ముందు లేచి నిలబడి తమ పాపం ఒప్పుకున్నారు. ఆ ఒక్కరి నుంచి అందరికీ అంటుకుంది.

ఒక శనివారం మధ్యాహ్నం ఆ మాటే పట్టుకుని మెత్తయ్య కొట్టుకొచ్చాడు. మెత్తయ్య అప్పుడు ఓ వ్యాను సీట్ల పనిలో తలమునకలుగా ఉన్నాడు. పాస్టరు స్పాంజి కట్టల మధ్య చోటు చేసుకుని కూర్చుని, రేపు ఆరాధనలో ఒప్పుకోలుకి సమయం ఇస్తున్నానని, ఎవరూ కదలకపోతే తన పరువుతోపాటు దేవుడి పరువు కూడా పోతుందని చెప్పుకొచ్చాడు.

"ఎవరో ఒకరు ముందు లేవాలంకుల్. మీరు లేస్తే ఇంకెవరూ కూర్చోలేరు."

పెద్ద పాపాలేవీ అక్కర్లేదని కూడా భరోసా ఇచ్చాడు. మీలాంటివారికి పెద్దవి ఎక్కణ్ణుంచి వస్తాయి, ఆంటీ మీద ఎప్పుడో కోప్పడ్డానని చెప్పినా చాలన్నాడు. ఇంటావిడ మీద కోప్పడే ధైర్యం మెత్తయ్యకి ఏనాడూ లేదని పాపం ఆయనకేం తెలుసు. మెత్తయ్య నీళ్ళు నమిలి, సరే చూద్దామన్నాడు. పాస్టరు ఆయన చేతులు పట్టుకుని, కళ్ళకద్దుకుని వెళ్ళాడు.

ఆయన వెళ్ళాక మెత్తయ్య చాలాసేపు సొల్యూషను డబ్బా ముందు కదలకుండా కూర్చున్నాడు. స్పాంజి మీద రెగ్జిను అంటించే ఆ సొల్యూషను ఘాటు తెలిసినవాళ్ళకే తెలుసు, కళ్ళల్లో కారం కొట్టినట్టుంటుంది. కిటికీ తెరవాలన్న ధ్యాస కూడా ఆయనకి లేకపోయింది. ఇన్నేళ్ళకి ఒక తలుపు దానంతటదే తెరుచుకుందని ఆయనకి అనిపించింది. ఒప్పుకోమన్నారు. ఒప్పుకుంటాను. పెద్దరికం వద్దని చెప్పేస్తాను, వెనక బెంచీలో కూర్చుంటాను, తిడితే పడతాను. ఇక నటించే పని ఉండదు. ఒక్కరన్నా విని, అయ్యో అలాగా అంటే చాలు. ఆ ఒక్కటే కావాలి ఆయనకి. దేవుడి సంగతి తర్వాత, ముందు మనిషన్నవాడికి తన లోపలిది తెలియాలి.

ఆదివారం వచ్చింది. పాస్టరు ప్రసంగం ముగించి, ఎవరైనా హృదయం తెరవాలనుకుంటే తెరవండి అన్నాడు. ఎవరూ తల ఎత్తలేదు. మెత్తయ్య లేచి ముందుకొచ్చి, మైకు వద్దని చేత్తో పక్కకి జరిపి, జనం వైపు తిరిగాడు.

"నాకు దేవుడున్నాడని అనిపించక చాలా ఏళ్ళయింది," అన్నాడు. "మీ ముందు ప్రార్థన చేసేటప్పుడు నోరొక్కటే కదులుతుంది. లోపల ఎవరూ లేరు. ఇది దాచిపెట్టి మీకు పెద్దగా ఉన్నాను. ఇక ఉండలేను. నన్ను తీసేయండి."

అంతే. అంతకుమించి ఒక్క ముక్క లేదు. తిరిగొచ్చాననలేదు, క్షమించమనలేదు, దేవుడు మళ్ళీ కనిపించాడనలేదు. చెప్పాల్సింది చెప్పి నిలబడ్డాడు.

అయితే జనం చూసింది వేరు. ముందురోజు సొల్యూషను ఘాటుకి ఆయన కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆపకుండా నీళ్ళు కారుతున్నాయి. గొంతు బొంగురుపోయింది. జేబురుమాలు మర్చిపోయి వచ్చాడేమో, చొక్కా చేతితో తుడుచుకుంటున్నాడు. ఎన్నడూ కళ్ళు చెమర్చని మెత్తయ్య అందరి ముందూ కుమిలి కుమిలి ఏడుస్తున్నాడు, అదీ వాళ్ళకి కనిపించింది. పాస్టరు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కీబోర్డు దగ్గరున్న అమ్మాయి మెత్తగా ఒక శ్రుతి అందుకుంది. నీళ్ళ ట్యాంకరు నడిపే డ్రైవరు వెనక నుంచి లేచి, నేను తాగి బండి నడుపుతున్నానయ్యా, ఒకరోజు ఓ పిల్లాడు చక్రం కింద పడబోయి తప్పించుకున్నాడయ్యా అంటూ బావురుమన్నాడు. ఏళ్ళతరబడి ఉప్పూ నిప్పూగా ఉన్న తోడికోడళ్ళిద్దరు ఒకరినొకరు పట్టుకున్నారు. బడి పంతులమ్మ ఒకావిడ, పిల్లల్ని ఎంత కర్కశంగా కొట్టిందో చెప్పి, గోడకి మొహం దాచుకుంది.

మధ్యాహ్నమైనా ఎవరూ ఇళ్ళకి వెళ్ళలేదు. మెత్తయ్యని ఎంతమంది కౌగిలించుకున్నారో లెక్కలేదు. తనని పెద్దరికం నుంచి తీసేయమని ఆయన మళ్ళీ అన్నాడు గానీ, ఆ గోలలో అది వినయం కింద జమపడిపోయింది.

అదిగో, అలా వచ్చింది ఉజ్జీవం. ఇది వెక్కిరించాలన్నా వీలుకాని సంగతి. ట్యాంకరు డ్రైవరు నిజంగానే తాగుడు మానేశాడు. అతని భార్య మొహంలో ఎన్నాళ్ళకో కళ కనిపించింది. తోడికోడళ్ళు ఒకే గొడుగు కింద ఆరాధనకి రావడం మొదలుపెట్టారు. పంతులమ్మ పిల్లల ఇళ్ళకి వెళ్ళి తల్లుల ముందు తలదించుకుంది. బెంచీలు చాలక వరండాలో కుర్చీలు వేశారు. ఆ కుర్చీలకి మెత్తలు కుట్టింది కూడా మెత్తయ్యే. పాటలు పాడుతుంటే పైకప్పు అదిరేది. అందరి మధ్యలో మెత్తయ్య ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టేవాడు. ఆకలితో ఉన్నవాడికి వడ్డించే పని అప్పజెప్పినట్టుండేది ఆయన పరిస్థితి. డ్రైవరు మొహంలోకి చూసేవాడు, వాడి కళ్ళు మూసుకుని ఉండేవి, పెదాలు నవ్వుతుండేవి, వాడి పక్కగదిలో ఎవరో ఉన్నట్టు చూస్తేనే తెలిసేది. నాకూ ఒక ముద్ద పడేస్తే నీ సొమ్మేం పోయిందని మెత్తయ్య లోపల్లోపల అడిగేవాడు. ఎవర్ని అడుగుతున్నాడో తెలీక ఆ ప్రశ్న కూడా సగంలోనే ఆగిపోయేది.

పొరపాటు దిద్దుదామని చూడకపోలేదు. మొదట పాస్టరు దగ్గరికే వెళ్ళాడు. నేను చెప్పింది ఒకటి, మీరంతా అనుకున్నది ఒకటి, నాకు ఆ రోజూ నమ్మకం లేదు, ఈ రోజూ లేదు అని మొహమాటం లేకుండా చెప్పేశాడు. పాస్టరు శ్రద్ధగా విన్నాడు. విని, కుర్చీలోంచి లేచొచ్చి, భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"ఇంత గెలుపు తర్వాత శత్రువు, ఆ సాతాను, ఊరుకుంటాడా అంకుల్? ఈ అనుమానం మీది కాదు. మీ మీద జరుగుతున్న దాడి."

నమ్ముతున్నానంటే దేవుడు గెలిచినట్టు. నమ్మట్లేదంటే శత్రువు భయపడుతున్నట్టు, అంటే దేవుడు ఇంకా గట్టిగా గెలిచినట్టు. ఎటు తిరిగినా గోడే. తను ఏం మాట్లాడినా అందరికీ ఇక దేవుడు చేసిన మేలుకి సాక్ష్యంలాగే వినిపిస్తుందని ఆయనకి అప్పుడు అర్థమైంది. పాస్టరు ఆయన కోసం కన్నీళ్ళతో ప్రార్థన చేసి పంపాడు.

ఇంటావిడతో చెబుదామనుకున్నాడు. ఒక పొద్దున టీ తాగుతూ, నీతో ఒక మాట చెప్పాలని మొదలుపెట్టాడు. ఆవిడ కప్పు కింద పెట్టేసి, ముందు నన్ను చెప్పనివ్వండి అంది. ఆవిడ ఎక్కువగా మాట్లాడే మనిషి కాదు. ఇంట్లో మాటలన్నీ పొదుపుగా వాడుతుంది.

"మీరు ఎండిపోయారని నాకు ఎప్పుడో తెలుసండీ. అన్నం ముందు మీరు చేసే ప్రార్థనలో ఒక్క మాట మారి ఎన్నేళ్ళైందో మీకు తెలీదు. నేను ఎదురుగా కూర్చుని, ప్రభువా ఈయన్ని నాకు తిరిగి ఇచ్చెయ్యి అని రోజూ అడిగేదాన్ని. ఇచ్చాడు. ఇక నాకేమీ అక్కర్లేదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఇంతకీ మీరేదో అనబోయారు ఏమిటంది. ఏం లేదు, టీలో పంచదార తక్కువైందని చెప్పాడు మెత్తయ్య. ఆవిడ నవ్వుతూ లేచి పంచదార తెచ్చింది. ఎదురుగా కూర్చుని అన్నేళ్ళు ఒక్కతే ఆ భయం మోసిన మనిషి. ఇప్పుడు దింపుకుని ఊపిరి పీల్చుకుంటోంది. దాన్ని మళ్ళీ ఎత్తి ఆవిడ నెత్తిన ఎలా పెడతాడు? ఆ తీపి టీ చివరి చుక్కదాకా తాగాడు.

ఆ తర్వాత పాస్టరు ఆయన్ని వేరే సంఘాలకి కూడా తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. చల్లారిపోయిన పెద్ద మళ్ళీ వెలిగిన వైనం అని ముందుగా తనే కథంతా చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ కన్నీళ్ళు కాస్త పెరిగేవి. ఒకచోట ఆ కథలో మెత్తయ్య నేలమీద పడి పొర్లాడు. ఇంకోచోట ఆ రాత్రే ఆయనకి దర్శనం కలిగింది. చివర్లో మెత్తయ్య లేచి నాలుగు మాటలు చెప్పేవాడు. మొదట్లో ఆ నాలుగు మాటలూ వీలైనంత నిజంగా ఉండేలా తంటాలు పడేవాడు. రానురాను అలసిపోయాడు. ఎవరో తెలియని ముసలమ్మ ఆయన చేతులు పట్టుకుని, నాయనా నీ సాక్ష్యం విన్నాక మా అబ్బాయి ఇంటికి తిరిగొచ్చాడు అంటే, ఆ ముసలమ్మకి ఏమని చెబుతాడు? ప్రభువుకి స్తోత్రం తల్లీ అనేవాడు. అలా అంటూ అంటూ ఆ మాటలు నోటికి పట్టుబడిపోయాయి. ముందు ప్రార్థన ఒక్కటే నోటిపనిగా ఉండేది, ఇప్పుడు ఒప్పుకోలు కూడా నోటిపనిలోనే చేరింది. ఉన్న ఒక్క నిజాన్నీ అలా వాడేసుకున్నాక, ఇక చెప్పుకోడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. ఆ దిగులు మాటల్లో పెట్టేది కాదు. పనిలో ఉండగా సూది వేలికి దిగినా కాసేపటిదాకా గమనించేవాడు కాదు.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం కీబోర్డు అమ్మాయి కొట్టుకొచ్చింది. ఆ అమ్మాయి పగలు ఒక మందుల షాపు కౌంటర్లో పనిచేస్తుంది. ఆదివారాలు చర్చిలో వాయిస్తుంది. చిన్నప్పటినుంచి మెత్తయ్య కళ్ళ ముందు పెరిగిన పిల్లే. చేతిలో చర్చిలో తను కూర్చుని వాయించే స్టూలు ఉంది. పైన రెగ్జిను చిరిగి స్పాంజి బయటికి వచ్చింది. అది చూపించి, తొందరేం లేదంకుల్ అని పక్కన పెట్టేసింది. పెట్టాక వెళ్ళలేదు. అక్కడే సగం విప్పిన సోఫా అంచు మీద కూర్చుని, బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ ఉండిపోయింది.

ఎవరైనా అలా కూర్చున్నారంటే ప్రార్థన కోసమేనని మెత్తయ్యకి తెలుసు. కత్తెర పక్కన పెట్టి, ఏంటమ్మా అన్నాడు.

ఆ అమ్మాయి ఆయన మొహంలోకి చూడకుండా మొదలుపెట్టింది. జనం ఏ శ్రుతి దగ్గర ఎక్కువ ఏడుస్తారో తనకి తెలుసని, ఇప్పుడు తెలిసి కూడా చెయ్యక్కర్లేదని, చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్తుందని చెప్పింది. అందరూ కరిగిపోతుంటే తను తర్వాత ఏ పాట వస్తుందో చూసుకుంటుందట. చర్చి నిండేకొద్దీ తనకి లోపల ఇంకా ఖాళీ అవుతోందట. ఇంట్లో అమ్మకి చెప్పబోతే ఆవిడ హడలిపోయి పాస్టరుకి ఫోను చెయ్యబోయిందట. అక్కడ ఆగి, తల ఎత్తింది.

"ఆ రోజు మీరు తిరిగొచ్చాననలేదంకుల్. నేను విన్నాను. లేడనిపిస్తోంది అన్నారు, అక్కడితో ఆపేశారు. తర్వాతదంతా మేం కలిపిందే. వాయించి నేను కూడా కలిపాను. మీకు ఇంకా అలాగే ఉందా? అదొక్కటి చెప్పండి. ప్రార్థన ఏమీ వద్దు."

ఒక్కరు వింటే చాలని మెత్తయ్య ఇన్నేళ్ళుగా కోరుకున్నాడు కదా. అదిగో, ఆ ఒక్కరూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. అంత గోలలో, అంతమంది ఏడుపుల మధ్య, ఆయన అన్నది అన్నట్టుగా ఈ పిల్ల విన్నది. ఇప్పుడు ఆయన చెయ్యాల్సింది గొప్ప పనేమీ కాదు. ఉంది అంటే చాలు. రెండక్షరాలు. ఉంది అంటే ఆ పిల్లా ఒంటరిది కాదు, ఆయనా ఒంటరివాడు కాదు.

తర్వాత ఆయన తనకి తాను చాలా సాకులు చెప్పుకున్నాడు. ఇంటావిడ ఏమైపోతుందో అనుకున్నానని, ట్యాంకరు డ్రైవరు మళ్ళీ సీసా పడతాడేమోనని, ఇంకా చిన్నపిల్ల, దీని నమ్మకం నా చేతుల మీదుగా పోకూడదనుకున్నానని. అవన్నీ తర్వాత కుట్టుకున్న అతుకులు. ఆ క్షణంలో అవేవీ ఆయనకి తట్టలేదు. జరిగింది ఏమిటంటే, ఎదుటివాళ్ళు కూర్చుని కష్టం చెప్పుకుంటే ఆయన గొంతు దానంతటదే ఒక మెట్టు కిందికి దిగుతుంది. అప్పుడూ దిగింది.

"ఉండేదమ్మా," అన్నాడు. "ప్రభువు తీసేశాడు."

అని ఊరుకోలేదు. చెయ్యి లేచి ఆ పిల్ల తల మీదికి వెళ్ళింది. కళ్ళు మూతపడ్డాయి. మాటలు వరసగా వచ్చాయి, ఆగాల్సినచోట ఆగాయి. ఎండిపోయిన బావులూ, తెల్లారబోయే వెలుగూ, బిడ్డ చెయ్యి వదలని తండ్రీ, అన్నీ వచ్చాయి. ఆయన జన్మలో అంత చక్కని ప్రార్థన చేసి ఉండడు. అది చక్కగా వస్తోందని కూడా ఆయనకి తెలుస్తోంది. ఆపాలని లోపల ఎక్కడో ఒకడు కొట్టుకున్నాడు, కానీ వాడి మాట వినే అలవాటు ఆ నోటికి లేదు. చివరికి ఆమెన్ అన్నాడు. అవతల్నుంచి ఆమెన్ రాలేదు.

కళ్ళు తెరిచాడు. ఆ అమ్మాయి కళ్ళు తెరిచే ఉన్నాయి. ప్రార్థన మొత్తం అలాగే తెరిచి ఆయన్నే చూస్తూ ఉన్నట్టుంది. కోపం లేదు, ఏడుపు లేదు. ఆయన చేతి కింది నుంచి తల మెల్లగా పక్కకి తీసుకుంది, ఆయన నొచ్చుకోకుండా చూసుకుంది. బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"అయితే నేనొక్కదాన్నే అన్నమాట," అంది.

నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే నమ్మింది. వందనాలంకుల్ అని, గుమ్మం దగ్గరున్న స్పాంజి కట్ట దాటుకుని బయటికి వెళ్ళింది.

ఆ మాట బరువెంతో తెలిసినవాడు ఎవరైనా ఉన్నాడంటే మెత్తయ్యే. ఏళ్ళతరబడి మోసి మోసి నడుం విరిగినవాడు. ఇప్పుడు దాన్ని చేతులారా ఆ పిల్ల నెత్తిన పెట్టి, పైన ఆమెన్ అని కూడా అన్నాడు. లేచి గుమ్మం దాకా వచ్చాడు. ఆ అమ్మాయి రోడ్డు అవతల బస్సు స్టాపులో నిలబడి ఉంది, పిలిస్తే వినిపించే దూరమే. అమ్మా అని పిలిచి, ఉంది, నాకూ అలాగే ఉంది, నేను అబద్ధమాడాను అని చెప్పాలి. గాలి పీల్చుకుని నోరు తెరిచాడు. తెరిచాక భయమేసింది. ఈ నోట్లోంచి ఏం వస్తుందో ఆయనకి తెలుసు. పిలిస్తే ఆ పిల్ల వస్తుంది, వస్తే ఈ నోరు మళ్ళీ ప్రార్థనే చేస్తుంది. నోరు మూసుకుని గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. బస్సు వచ్చింది, ఆ అమ్మాయి ఎక్కి వెళ్ళిపోయింది.